ఎడమ కాలి ఈడ్పు

సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. తెర మీద అక్క బూట్లు టకటకలాడిస్తుంటే హాళ్ళు హాళ్ళే ఊగిపోయేవి. ఆడింది అక్కే, కాదనడం లేదు. ఆ టకటక మాత్రం చెల్లెలిది.

షూటింగులో పాట మోగిపోతుంటుంది కాబట్టి కాళ్ళ చప్పుడు అప్పుడు పట్టడం కుదరదు. తర్వాత తలుపులు మూసిన గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, చెక్క మీద మళ్ళీ అడుగులు వెయ్యాలి. అక్కకి అందం ఉంది, ఊపు ఉంది, తాళం లేదు. తన ఆటకి తనే అడుగు కలపలేకపోయింది. చెల్లెలికి తాళం ఉంది గానీ కెమెరాకి పనికొచ్చే నడక లేదు. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి విరిగిన ఎడమ కాలు కాస్త ఈడ్చేది. ఆ కాలి చప్పుడు ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యం.

"అదేనమ్మా అందం, అలాగే ఉంచు" అన్నాడు సంగీత దర్శకుడు.

"ఈ సంగతి గది దాటిందో, మీ అక్కకి వేషాలుండవు" అన్నాడు నిర్మాత.

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్క గింజ మాత్రం ఏళ్ళ తరబడి నానింది. వేషాలు తగ్గాయి, నిర్మాత పోయాడు. చెల్లెలు అడిగినప్పుడల్లా "చెప్తానే, సందర్భం రావాలిగా" అనేది. చెల్లెలు పిల్లలకి అడుగులు నేర్పుకుంటూ బతికింది. ఒకసారి ఉండబట్టలేక, ఆ చప్పుడు నాదేనర్రా అంటే, పిల్లలు ఆమె కాలు చూసి కిసుక్కున నవ్వారు. మళ్ళీ ఎవరితోనూ అనలేదు. కడుపు మాత్రం రగులుతూనే ఉంది.

ఇప్పుడు ఆ టకటకల పాటున్న పాత సినిమానొకదాన్ని కడిగి తుడిచి మళ్ళీ ఆడిస్తున్నారు. అక్కకి సన్మానం.

"రావే, ఈసారి చెప్తాను. ఒట్టు!" అంది ఫోన్లో.

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టక్కా" అంది చెల్లెలు. అన్నదే గానీ వెళ్ళింది. అంత పెద్ద హాల్లో తన అడుగు తను ఒక్కసారి వినాలి. ఆమెకి మిగిలిన కోరికల్లా అదే.

తీరా చూస్తే అక్క నిజంగానే చెప్పింది. మైకు పట్టుకుని, "మీరు మెచ్చుకున్న ఆ అడుగుల చప్పుడు నాది కాదు. అదిగో, ముందు వరసలో కూర్చుంది చూడండి, నా చెల్లెలు. అంతా దాని చలవే" అంది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చెల్లెలు చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఇన్నాళ్ళ మంట ఒక్క మాటతో చల్లారినట్టే అనిపించింది.

దీపాలారాయి. పాట మొదలైంది. తెర మీద అక్క మెట్లు దిగుతూ తిరిగింది. టక్, టక్, టక్. ఎంత శుభ్రంగా పడుతున్నాయో అడుగులు! ఎడమ కాలు కూడా ఠంచనుగా పడుతోంది.

చెల్లెలు చెవులు రిక్కించింది. ఆ కాలు తనది కాదు.

పక్క సీట్లో సినిమాకి శబ్దం బాగుచేసినాయన తల దించుకుని కూర్చున్నాడు. మెల్లగా ఇటు వంగాడు. "అమ్మా, మాకు తెలీదు. ఎడమ అడుగు తప్పుగా పడుతోందని, పాతదంతా తీసేసి కొత్తగా వేయించాం. అందరికీ చెప్పమంటారా?"

చెల్లెలు నోరు తెరిచింది. చెప్తే ఆ చప్పట్లు ఏమవుతాయి? ఏళ్ళకేళ్ళు కాసుకూర్చుంటే వచ్చినవి అవి.

"వద్దు నాయనా" అంది.

పాట అయింది, దీపాలు వెలిగాయి. అక్క దిగొచ్చి ఆమెని గట్టిగా కావలించుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. "విన్నావటే? ఎన్నేళ్ళయినా నీ అడుగు నేను పోల్చుకోలేనా!"

ఆ చప్పుడు మీదే బతికిన మనిషి! చెల్లెలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"విన్నానక్కా" అంది.

జనం మళ్ళీ చప్పట్లు కొడుతున్నారు. ఇన్నేళ్ళూ అక్క ఎలా నోరు మూసుకుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. పెద్ద కష్టమేం కాదు. తేలు కుట్టిన దొంగలా లేచి నిలబడి, ఎవరి కాళ్ళకో వచ్చిన చప్పట్లకి రెండు చేతులూ జోడించింది.