మాస్టారు పోతే బరువు తేలికవదు

"ఆ కడ్డీ జారి మెడమీద పడితే ఏం చేస్తారు మాస్టారూ?"

మా అమ్మాయిని బరువులెత్తే క్లబ్బులో చేర్పించిన రోజు నేను అడిగిన మొదటి మాట ఇదే. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ముందు వదిలెయ్యడమే నేర్పిస్తానమ్మా. ఎత్తడం తర్వాత సంగతి," అన్నారు. బరువు మించిపోయిందనిపిస్తే దాన్ని పట్టుకుని వేలాడకూడదట. కింద పడేసి పక్కకు తప్పుకోవాలట. నెలరోజులపాటు పిల్ల ఉత్త కడ్డీ ఎత్తి పడేసి ఇంటికొచ్చేది. "పడెయ్యడానికి అంత దూరం ఎందుకు, మనింట్లో గిన్నెలు లేవా," అనేవారు మా ఆయన.

నేను కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేస్తాను. పెద్దగా చదువుకోలేదు, భయపడడం మాత్రం బాగా వచ్చు. పిల్ల కాస్త ఆలస్యమైతే చాలు, మనసులో అప్పటికే ఆసుపత్రి మెట్లెక్కుతుంటాను. అలాంటిదాన్ని మాస్టారి మీద మాత్రం భారం వేసి ఊపిరి తీసుకున్నాను. పోటీలో ఒక్కొక్కరికి మూడు అవకాశాలుంటాయి. ప్రతిసారీ ముందుగా ఎన్ని కిలోలు ఎత్తుతారో బల్ల దగ్గర చెప్పి రాయించాలి. ఆ చెప్పే పని మాస్టారిదే. పిల్ల నడక చూసి, మెడ చూసి, మొహం చూసి ఒక అంకె చెప్పేవారు. అది వెళ్ళి ఆ అంకె ఎత్తి వచ్చేది. ఇంకో రెండు కిలోలు పెంచి ఉంటే పతకం వచ్చేదని ఎవరైనా గొణిగితే, "పతకానికి తుప్పు పడుతుంది, నడుముకి పట్టకూడదు," అనేవారు. పొట్టిగా చురుగ్గా ఉంటుందని దాన్ని 'ఉడత' అని పిలిచేవారు.

ఆ మాస్టారు పోయారు. పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని, కుర్చీలోనే పోయారు. కునుకు తీస్తున్నాడనుకుని పక్కాయన కదపలేదట. పిలిచినా లేవకపోతే వెనకున్నవాళ్ళను ముందు లోపలికి పంపారట. ఆ ముందురోజు సాయంత్రం మా అమ్మాయితో ఆయన అన్న ఆఖరి మాట గుమ్మంలో నిలబడి నేనే విన్నాను. "ఉడతా, రేపైనా ఉతికిన సాక్సులేసుకుని రావే. కంపు భరించలేకపోతున్నాం."

అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు.

కింది వాటాలో మా పెద్దాడపడుచు ఉంటుంది. ఆవిడ రోజూ చూసే సీరియల్లో, ఖర్మ కాకపోతే, సరిగ్గా ఆ వారమే ఒక గురువు పోయాడు. ఆ కథలో ఒక పిల్ల కుస్తీ పడుతుంది. గురువు మూడు రోజులు దగ్గాడు. పోయే ముందు పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని పాఠమంతా మళ్ళీ చెప్పాడు, తన ఈల ఆమె అరచేతిలో పెట్టాడు, కళ్ళు మూశాడు. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తనకు రెండింతలున్న మనిషిని ఎత్తి కుదేసింది.

"దగ్గడానికే ఓపిక లేని మనిషికి అంతసేపు మాట్లాడే ఓపిక ఎక్కణ్ణించి వచ్చింది వదినా?" అన్నాను.

"నువ్వు ఏడవవు, నన్ను ఏడవనివ్వవు," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "చూస్తూ ఉండవే, మన పిల్లా ఇంతే. మాస్టారి ఆత్మ వచ్చి దాని భుజాల్లో కూర్చుంటుంది."

"ఆయన కూర్చుంటే ఆయన బరువు కూడా అదే మొయ్యాలి కదా."

వదిన నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. నేను చూస్తున్నది టీవీని కాదు, గోడకానుకుని కూర్చున్న మా అమ్మాయిని. అది రెప్ప వెయ్యకుండా తెరకేసి చూస్తోంది. మూడు వారాల్లో పోటీ ఉంది. అది ఇంతవరకూ ఎత్తినవాటిలో పెద్దది ఎనభై రెండు కిలోలు. దాని బరువు తరగతిలో తొంభై ఎత్తినవాళ్ళకే మొదటి స్థానం. "ఎప్పుడో ఒకనాడు తొంభై ఎత్తుతుందమ్మా ఇది," అని మాస్టారు ఒకసారి నవ్వుతూ అన్న మాట ఇప్పుడు క్లబ్బంతా పాకింది. ఆ 'ఎప్పుడో ఒకనాడు' ఎవరికీ గుర్తులేదు. తొంభై మాత్రం అందరికీ గుర్తుంది.

సీరియల్లో చూపించనివి నేను చూశాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక క్లబ్బు తలుపు తెరవలేదు. తెరిచాక పిల్ల వెళ్ళి ఎత్తబోతే, ఆడుతూ పాడుతూ ఎత్తే అరవై కిలోలు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికే మనిషికి, తెల్లారేదాకా దొర్లే మనిషికి బలం ఎక్కణ్ణించి వస్తుంది? దుఃఖం మనిషిని కుంగదీస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. మంచం మీంచి లేవనివ్వని దుఃఖం, కడ్డీ చేతికివ్వగానే కొండలెత్తిస్తుందా?

ఈ మాట పిల్లతో ఎలా చెప్పాలో తెలియలేదు. ఒకరోజు జడ వేస్తూ అడిగేశాను.

"తొంభై రాయిస్తావా?"

రిబ్బను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నీ మాస్టారైతే రాయించేవారా?"

జడ సగంలో ఉండగానే లేచి వెళ్ళిపోయింది. మాస్టారు పోయినప్పటినుంచీ ఆయన గురించి ఒక్క మాట మాట్లాడలేదది. ఎవరైనా ఆయన మాటెత్తితే అక్కణ్ణించి లేచిపోతుంది.

"దాన్ని వదిలెయ్యి," అన్నారు మా ఆయన. "నువ్వు ఇలా గుచ్చిగుచ్చి అడిగితే పంతానికి పోయి వంద రాయిస్తుంది."

ఆ మాటతో నాకున్న కాస్త నిద్రా పోయింది.

పోటీ రోజు హాలు గుమ్మానికి క్లబ్బు కార్యదర్శి మాస్టారి బొమ్మతో ఒక బ్యానరు కట్టించాడు. 'ఈ విజయం మా గురువుగారికే' అని పెద్దక్షరాలు.

"పోటీ ఇంకా మొదలే కాలేదు కదండీ," అన్నాను.

"అమ్మా, మీరు అపశకునం మాటలు మాట్లాడకండి," అన్నాడాయన.

బల్ల దగ్గర మాస్టారి స్థానంలో ఆయన దగ్గరే నేర్చుకున్న ఒకమ్మాయి నిలబడింది. ఇప్పుడు వేరే క్లబ్బులో నేర్పిస్తోంది, అందరూ అక్కా అంటారు. మొదటి రెండుసార్లకీ అంకెలు మాస్టారు బతికుండగానే అనుకున్నవట. అవే రాయించింది. వేదిక వెనకనున్న తెర పక్కన నాకు చోటిచ్చారు. ఆ తెర అంచు వంకరగా కుట్టారు. ఆ వంకర కుట్టునే చూస్తూ డెబ్బయ్యెనిమిది దాటించాను. ఎనభై రెండుకి కళ్ళు మూసుకున్నాను. కడ్డీ నేలకు తగిలిన చప్పుడు, తర్వాత చప్పట్లు. ఎత్తింది. ఎత్తిందిగానీ, తిరిగొస్తుంటే దాని మోకాళ్ళు వణకడం నాకు కనిపిస్తోంది.

మూడోది మిగిలింది. దీనికి మాస్టారు ఏ అంకే అనుకోలేదు.

కార్యదర్శి ఎక్కణ్ణించో ఊడిపడ్డాడు. "తొంభై రాయించెయ్యండి. ఇంకేం ఆలోచన? ఆయన కల అది. పైనుంచి చూస్తుంటారు."

"పైనుంచి చూస్తే పట్టుకోలేరు కదండీ," అన్నాను.

అక్క ఆయన వైపు తిరగనుకూడా లేదు. పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "ఎంత రాయించమంటావు? గడువు లోపల చెప్పకపోతే వాళ్ళే ఒక కిలో పెంచేస్తారు. అదైనా ఫరవాలేదు. నువ్వు చెప్పు."

పిల్ల చేతులకంటిన సుద్దపొడి గోటితో గీకుతూ కూర్చుంది.

"చెప్పమ్మా, తొంభై అను," అన్నాడు కార్యదర్శి.

గీకుతూనే ఉంది. బయట ఇంకెవరో ఎత్తారు, ఇంకెవరో దించారు. బల్ల దగ్గరి మనిషి మా వైపు చూసి గడియారం చూపించాడు. దాని పెదవి కదిలితే ఏ అంకె వస్తుందోనని నేను తెర గుడ్డ గుప్పిట్లో నలిపేశాను. ఆ ఒక్క అంకె మీద దాని మోచెయ్యి, నడుము, ముందున్న బతుకంతా ఉన్నాయి. తొంభై అంటే అడ్డం పడాలనుంది. అడ్డం పడితే జన్మలో నా మొహం చూడదేమోనని భయం. అక్క తొందరపెట్టలేదు. అలాగే దాని మొహంలోకి చూస్తూ కూర్చుంది.

చివరికి పిల్ల తలెత్తింది.

"నాకు తెలీదక్కా," అంది. "ఎంతో ఎప్పుడూ మాస్టారే చెప్పేవారు. నా కాళ్ళు వణుకుతున్నాయి. నువ్వు చూసి చెప్పు."