రాకెట్ దిగితే చూద్దాం

జిగురు వాసన.

రెండు గొట్టాల్లోంచి పిండి, అట్టముక్క మీద పుల్లతో కలిపిన జిగురు. ముక్కు మండించే వాసన. కిటికీలోంచి గాలి వీచినప్పుడల్లా ఇల్లంతా తిరిగేది. వంటింట్లో, పడకగదిలో, మడతపెట్టిన దుప్పట్లలో... ఎక్కడికెళ్ళినా అదే.

మూడు ఆదివారాల నుంచి ఆ ఇంట్లో అదే వాసన.

మూడు ఆదివారాల నుంచి ఆ ఇంట్లో నవ్వులు కూడా. అసలు బాధ అదీ.

అక్కకి వాసనలు కొత్త కాదు. కట్టుడు పళ్ళు చేస్తుంది ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా మైనం, ప్లాస్టరు, చిన్న చిన్న బర్మాలు. ఊళ్ళో సగంమంది నవ్వు ఆవిడ చేతిపనే. వెంట్రుకంత తేడా వస్తే నోరు మూతపడదు, కూడు దిగదు. ఆ చేతికి తిరుగులేదు. ఆవిడ తొలిచింది ఎవరూ మళ్ళీ కొలవరు. డాక్టరే కొలవడు, ఇంక ఇంట్లోవాళ్ళు కొలుస్తారా?

"అక్క చేసిందంటే మళ్ళీ చూడక్కర్లేదు." చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో అదో మాట.

చెల్లెలికి ఇంకో మాట ఉంది. "దీనికి ఏదిచ్చినా ఇంతే."

రంగుల దుకాణంలో రంగులు కలుపుతుంది చెల్లెలు. అక్క పెట్టిన పేరు తొందరమ్మ. గ్లాసు పట్టుకుంటే పగులుతుంది. బస్సెక్కితే దిగాల్సిన చోట దిగదు. ఇరవయ్యో ఏట బిడ్డని కన్నది... అదీ తొందరే. ఆ బిడ్డ తండ్రి అప్పటికే జారుకున్నాడు. అక్కకి చూస్తే పిల్లల్లేరు. పదకొండో రోజున పసిగుడ్డుని తెచ్చి అక్క ఒళ్ళో పెట్టి, "నీ చేతుల్లో అయితే పగలదక్కా" అంది చెల్లెలు.

అంతే. ఆ రోజు నుంచి అక్క అమ్మ అయింది. కన్నతల్లి పిన్ని అయింది.

పదమూడేళ్ళు.

పిల్లకి తెలుసు. పదేళ్ళప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. అంతా విని, "అయితే ఏంటి?" అంది. ఆ ఒక్క మాటకి అక్క ఆ రోజంతా కూనిరాగాలు తీసుకుంటూ తిరిగింది. మొగుడు పోయి నాలుగేళ్ళు. ఆవిడకి ఈ లోకంలో మిగిలింది ఆ పిల్లొక్కతే.

అలాంటి ఇంటికి, ఓ ఆదివారం పొద్దున్నే, చెల్లెలు చంకలో పెట్టె పెట్టుకుని దిగబడింది.

రాకెట్ పెట్టె.

మనిషి నడుమెత్తు వస్తుందట. వెయ్యి అడుగులు ఎగురుతుందట. పారాచూట్ వేసుకుని దిగుతుందట.

"ఎందుకే ఇది? తారాజువ్వ కొనిస్తే పోయేదిగా?"

"తారాజువ్వ పోతే పోయిందే అక్కా. ఇది పోయి మళ్ళీ వస్తుంది."

"మళ్ళీ వచ్చేవాటితోనే తంటా" అంది అక్క.

చెల్లెలు నవ్వింది. పిల్ల కూడా నవ్వింది. ఎవర్ని చూసి నవ్విందో అక్కకి అర్థం కాలేదు.

వెనకగదిలో పని మొదలైంది.

పొడవాటి అట్టగొట్టం. దాని లోపల ఇంజను కూర్చునే చిన్నగొట్టం. మూడు చెక్క రెక్కలు. ఉలితో చెక్కినట్టున్న నల్లటి ముక్కు. పైన ముక్కు ఊడినప్పుడు దానికీ గొట్టానికీ బంధం తెగకుండా సాగే తాడు. నిప్పంటుకోని గుడ్డలో చుట్టిపెట్టే పారాచూట్...

అక్క గుమ్మంలో నిలబడి చూసేది. కాఫీ గ్లాసు చల్లారిపోయేది.

"జిగురు కారుతోంది చూడు."

"కారనీ అక్కా, వేలితో తీసేస్తా."

తీసేసేది కూడా. నున్నగా. రెక్కకీ గొట్టానికీ మధ్య జిగురుని వేలితో ఒక్క లాగు లాగితే, పోతపోసినట్టు కూర్చునేది. మూడు రెక్కలూ మూడు వైపులా తిన్నగా. అక్క కళ్ళతోనే కొలిచింది. తప్పు వెతికింది. దొరకలేదు.

తొందరమ్మ చేతులు ఎప్పుడు నేర్చుకున్నాయి?

రెండో ఆదివారం రంగు. చెల్లెలు దుకాణం నుంచి నాలుగు డబ్బాలు తెచ్చింది. కలిపింది, చూపించింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్ళీ కలిపింది. పదకొండోసారికి కుదిరింది. నీలమూ కాదు, పచ్చా కాదు. వాన వెలిసిన సాయంత్రం ఆకాశం అంచున కనపడే రంగు.

"దీనికి పేరేంటి పిన్నీ?"

"లేదు. నీ కోసమే పుట్టింది. నువ్వే పెట్టు."

అక్క చేతిలో కాఫీ గ్లాసు విసురుగా కింద పెట్టింది. పదమూడేళ్ళు జ్వరాలు చూసింది. జడలు వేసింది. రాత్రుళ్ళు లెక్కలు చెప్పింది. ఇది వచ్చి నాలుగు డబ్బాలు కలిపి ఎగరేసుకుపోతోంది. వడ్డించేవాళ్ళు ఒకరు, పేరు ఇంకొకరిది!

ఆ సాయంత్రమే చెల్లెలు అడిగింది. అంట్ల దగ్గర, వీపు తిప్పుకుని. మొహం చూపిస్తూ అడిగే ధైర్యం ఎక్కడిది?

"అక్కా... ఈసారి సెలవులకి పిల్లని నా దగ్గరికి పంపిస్తావా? రెండు నెలలు. నేనూ కాస్త మనిషినయ్యాను కదా ఇప్పుడు."



"నీ రాకెట్ చక్కగా దిగనీ" అంది అక్క. "దిగితే చూద్దాం."

"దిగితే పంపిస్తావా?"

"దిగితే పంపిస్తా."

ఆట పట్టించడానికన్నట్టే అంది. చెల్లెలు మాత్రం తడిచేతులతో వచ్చి కావలించుకుంది. ఆ తడి జాకెట్టు లోపలికి దిగి, ఒళ్ళు జలదరించింది అక్కకి.

మూడో ఆదివారం.

గాలి లేదు. ఆకు కదలడం లేదు.

పిల్ల నేలమీద బోర్లా పడుకుని సాగే తాడుకి ముడి వేస్తోంది. చెల్లెలు పక్కన. అక్క గుమ్మంలో.

"అమ్మా, ఆ టేపిలా ఇవ్వు" అంది పిల్ల, తలెత్తకుండా.

ఇద్దరూ కదిలారు.

టేపు చెల్లెలి మోకాలి దగ్గరుంది. పిల్ల చెయ్యి చాచింది కూడా అటే. చెల్లెలు టేపు తీసి ఆ చేతిలో పెట్టింది. 'అమ్మ కాదే, పిన్నిని' అనలేదు. తల దించుకుంది. పెదాలు మాత్రం వణికాయి.

పిల్ల గమనించనే లేదు. టేపు చింపి, ముడికి చుట్టి, పని చూసుకుంది.

ఒక్క మాట. పొరపాటున జారిన మాట.

అక్క వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఊరికే నిలబడింది.

ఆ మాట నాది. నేను పెంచితే వచ్చిన మాట. ముద్ద ముద్దకీ తినిపించి నేర్పిన మాట. దాన్ని అడ్డదారిన వచ్చి ఎత్తుకుపోతే ఊరుకుంటానా? చస్తే ఊరుకోను.

ఇక మిగిలింది ఇంజను పని ఒక్కటే.

పిల్ల కాగితం చదివి వినిపించింది. మంట ఆరాక లోపల ఇంకో మందు మెల్లగా కాలుతుంది. రాకెట్ అలా పైకి పోతూనే ఉంటుంది. ఆ మందు అయిపోగానే చిన్న పేలుడు, ముక్కు ఊడుతుంది, పారాచూట్ విచ్చుకుంటుంది. కొన్నది కొన్నట్టే వాడితే పద్నాలుగు సెకన్లు. వీళ్ళ రాకెట్‌కి ఆరు చాలు. ఆరో సెకనుకి అది కొనకెక్కి ఆగుతుంది. తర్వాత ఇంక కిందికే. అందుకని ఎనిమిది సెకన్ల మందుని బర్మాతో తొలిచి పారెయ్యాలి. చేత్తో తిప్పే బర్మా, పెట్టెలోనే ఉంది.

చెల్లెలు బర్మా తీసుకుంది. చూసింది. అక్క వైపు చాపింది.

"ఇది నా వల్ల కాదక్కా. నువ్వే తొలువు. నీ చెయ్యి అయితే భయం లేదు."

చూశారా. తనే ఇచ్చింది. ఎవరూ అడగలేదు.

అక్క తన పనిబల్ల దగ్గరికి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఇంజను వేలెడు పొడవు, గట్టిగా, చల్లగా ఉంది. బర్మా మొన దానికి ఆనించింది. తిప్పితే రెండు నిమిషాల పని.

తిప్పలేదు.

బల్ల మీద ఎవరిదో దవడ అచ్చు ఉంది, ప్లాస్టరుది. బర్మా దానికి పెట్టి తిప్పింది. గరగర... గరగర. అవతలగదిలోకి వినపడాలిగా. పిల్ల అక్కడ్నుంచి "జాగ్రత్తమ్మా" అని అరిచింది.

"నాకా చెప్తున్నావ్?" అని అరిచింది అక్క. నవ్వుతూనే అరిచింది.

పైన పేలుడుమందు పోసి, కాగితపు మూత అంటించేస్తే లోపల ఏముందో ఎవడికి తెలుసు? మూత అంటించి, చేతులు కడుక్కుని, ఇంజను తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఆరు" అంది.

ఎవరూ కొలవలేదు.

నాలుగో ఆదివారం. ఊరి బయట మైదానం. మోకాళ్ళెత్తు ఎండుగడ్డి. గాలి... ఆ రోజు గాలి ఉంది. గడ్డంతా ఒకవైపే వాలుతోంది.

రాకెట్లు ఎగరేసేవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. వాళ్ళకో పెద్దాయన. ఎండకి కమిలిన మొహం, మెళ్ళో ఈల. ప్రతి రాకెట్‌నీ చేతిలోకి తీసుకుని, రెక్కలు లాగి చూసి, ముక్కు ఊడదీసి చూసి గాని వదలడు. వీళ్ళది చూశాడు. రెక్క పట్టి లాగాడు. కదల్లేదు.

"ఎవరమ్మా అంటించింది? బాగా కుదిరింది."

చెల్లెలి మొహం వెలిగిపోయింది. పాపం, ఆ మొహానికి మెచ్చుకోలు అలవాటు లేదు.

"పారాచూట్ ఎన్ని సెకన్లకి?"

"ఆరండీ" అంది చెల్లెలు. ఆయనిచ్చిన చీటీ మీద 'ఆరు' అని తన చేత్తోనే రాసింది. కింద సంతకం చేసింది. అక్క పక్కనే నిలబడి చూసింది. అప్పటికైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు.

నిటారుగా పాతిన ఇనుపబద్దకి రాకెట్ తగిలించారు. కింద తీగలు కలిపారు. అందరూ వెనక్కి జరిగారు. మీట పిల్ల చేతికిచ్చారు.

పిల్ల ఎడమచెయ్యి చెల్లెలి చేతిలో ఉంది.

అయిదు. నాలుగు. మూడు. రెండు. ఒకటి—

నొక్కింది.

ఒక్క అరుపు. నేల అరిచిందో, మంట అరిచిందో. కళ్ళు మూసి తెరిచేలోగా తెల్లటి పొగ నిలువుగా మిగిలింది, రాకెట్ లేదు. పైన... అదిగో పైన, పేరు లేని రంగు ఎండలో ఒక్కసారి తళుక్కుమంది.

మంట ఆరింది. చప్పుడు ఆగింది. గాలి చప్పుడొక్కటే.

"వెళ్తోంది అక్కా! చూడు ఎలా వెళ్తోందో!" చెల్లెలు చిన్నపిల్లలా గెంతుతోంది.

పిల్ల గెంతడం లేదు. తలెత్తి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

కొనకెక్కింది. ఆగింది. ముక్కు వంచింది.

విచ్చుకోవాలి.

విచ్చుకోలేదు.

"ఏమైంది?" అంది చెల్లెలు. "విచ్చుకోవాలి కదా... ఏమైంది? విచ్చుకో, విచ్చుకో తల్లీ..."

ఈల మోగింది. "పైన చూడండి! అందరూ పైన చూడండి!" పెద్దాయన కేకలు. జనం పరుగులు.

రాకెట్ నేరుగా వస్తోంది. ఈలలేస్తూ వస్తోంది. చెల్లెలు పిల్లని లాగి తన కింద వేసుకుని గడ్డిలో పడింది. అక్క నిలబడే ఉంది. 

అరవై అడుగుల అవతల నేలలో దిగబడింది.

దిగబడ్డాక, లోపల పేలింది. టప్పుమని, చిన్నగా. అట్టగొట్టం చీలింది. చీలికలోంచి పారాచూట్ బయటికొచ్చి, గాలి దొరికి, అప్పుడు విచ్చుకుంది. ఎర్రగా, గుండ్రంగా, ఎంతో అందంగా... గడ్డి మీద.

పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చాడు. 

"ఎవరు రాశారిది?"

"నేనే."

"మనుషులున్నారమ్మా ఇక్కడ! ఎవరి నెత్తి మీదైనా పడుంటే? నువ్వు ఇంకెప్పుడూ ఈ మైదానానికి రావద్దు."

"తప్పయిందండీ." చెల్లెలు మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుతోంది. "లెక్క తప్పానేమో... ఎక్కడ తప్పానో... తప్పయిందండీ."

అక్క చేసిన పని తప్పయి ఉండొచ్చన్న ఆలోచన దాని బుర్రకి తట్టనే లేదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళెవరికీ తట్టదు.

అక్క దగ్గరికెళ్ళింది. చాలు, ఊరుకోవచ్చు. కానీ పుండు కనపడ్డాక కారం చల్లకుండా ఉండే మనిషి కాదు.

"దీనికి ఏదిచ్చినా ఇంతే" అంది, నలుగురూ వినేట్టు. "వస్తువిచ్చినా ఇంతే. పిల్లనిచ్చినా ఇంతే."

చెల్లెలు తలెత్తి పిల్ల వైపు చూసింది. ఒక్క మాట కోసం చూసింది. పర్లేదు పిన్నీ అంటే చాలు, బతికిపోయేది.

పిల్ల ఒంటికంటిన గడ్డి దులుపుకుంది.

"నీకేదీ చేతకాదు పిన్నీ" అంది. "ఎందుకు వస్తావు అసలు?"

ఆ గొంతు అక్కదే. ఆ విరుపు, ఆ నిదానం, అచ్చం అక్కవే.

చెల్లెలు ముక్కలన్నీ పెట్టెలో సర్దింది. పారాచూట్ మడతపెట్టింది. చిరుగు ఒక్కటి కూడా లేదు దానికి. సెలవుల ఊసెత్తలేదు. "వస్తానక్కా" అని చెప్పి, బస్సు దొరికే రోడ్డు వైపు నడిచింది. గడ్డి దాటేదాకా కనపడింది. తర్వాత కనపడలేదు.

కారులో ఇద్దరే.

పిల్ల అద్దం దించి మోచెయ్యి బయటపెట్టింది. అక్కకి ఆకలేస్తోంది. మూడు వారాల తర్వాత కడుపులో ఆకలన్నది తెలిసింది.

"పద్నాలుగు" అంది పిల్ల.

"ఏంటి?"

"మంట ఆరినప్పట్నుంచీ లెక్కపెట్టా. ఆరు దగ్గర విచ్చుకోవాలి. విచ్చుకోలేదు. నేను ఆపకుండా లెక్కపెడుతూనే ఉన్నా, కింద పడ్డాక కూడా. పద్నాలుగు దగ్గర పేలింది."

అక్క రోడ్డు వైపే చూసింది.

"అసలు ముట్టుకోకపోతే పద్నాలుగని కాగితంలో ఉంది. నేనే కదా చదివింది."

"కంగారులో లెక్క తప్పి ఉంటావులే."

"నీ దగ్గర పెరిగాను. నా లెక్క తప్పదు."

గేరు మార్చబోతే చెయ్యి జారింది. ఆ చెయ్యి... ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ జారని చెయ్యి. అడిగింది అక్క.

"తెలిసి కూడా... పిన్నిని అంత మాట ఎందుకన్నావే?"

"ఎవరు గెలుస్తున్నారో చూశాగా" అంది పిల్ల.

 మోచెయ్యి బయటే ఉంది. జుట్టు మొహం మీద కొట్టుకుంటుంటే తీసుకోను కూడా తీసుకోవడం లేదు.

"పిన్నికి చెప్పనులే" అంది కాసేపటికి. "సెలవులకి ఎక్కడికెళ్ళాలో నేను చెప్తా. ఎవరితో ఉండాలో కూడా నేనే చెప్తా. సరేనా, అమ్మా?"

అమ్మా.

పదమూడేళ్ళుగా వింటున్న మాటే. దీని కోసమే కదా ఇంతా చేసింది.

"సరే" అంది అక్క.

బయట గాలి పెరిగింది. దుమ్ము లోపలికి కొడుతోంది, కళ్ళలో పడుతోంది. అద్దం ఎత్తవే అని చెబుదామనుకుంది. ధైర్యం చాల్లేదు.