సుంకన్న చెప్పిన కేరళ

మా అన్న సుంకన్న నోరు తెరిస్తే కేరళ. ఉగాదికి వచ్చినా అదే, పీర్ల పండగకు వచ్చినా అదే. సంచి దించగానే కాళ్లు కడుక్కోమని మా వదిన తిమ్మక్క చెంబుతో నీళ్లిచ్చేది. అన్న ఆ చెంబు చేతిలో పట్టుకునే మొదలుపెట్టేవాడు.

"ఆడ ఇంటికొక బావి ఉండాదిమా. ఊరికొకటి కాదు, ఇంటికొకటి! పది పన్నెండు అడుగులు తవ్వితే చాలు, నీళ్లు."

"ముందు కాళ్లు కడుక్కో," అనేది మా అమ్మ కదిరమ్మ. "ఆ చెంబెడు నీళ్లకు బోరింగు కాడ పొద్దున్నుంచి నిలబడినా. అవి కేరళ నుంచి రాలేదు."

మా ఇంట్లో అందరికీ ముక్కు మీదే కోపం. నాకు మరీను. అన్న ఒక్కడే మాకు పుట్టవలసినవాడు కాదు, ఎంత తిట్టినా నవ్వేవాడు.

మాది గార్లదిన్నె పక్కన చిన్న పల్లె. తాతల నాటి నుంచి మాకు బావులు తవ్వడమే పని. మా దగ్గర బావి తవ్వడమంటే బండతో కొట్లాట. యాభై, అరవై అడుగులు దిగాలి. మందు పెట్టి పేల్చాలి. అంత చేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు, పడినా బండ సందుల్లోంచి చెమటలా ఊరతాయి. మా సొంత చేనులో మా నాయన ఒక బావి మొదలుపెట్టాడు. ఆయన పోయాక అన్న ఒంటరిగా దిగి తవ్వాడు. అరవై అడుగులు దాటినా దానికి తడి తగల్లేదు. ఊరందరికీ బావులు తవ్వినవాడి బావిలో పావురాలు కాపురం పెట్టాయి. ఆ తర్వాత ఏటా వానలు ఎగ్గొట్టడం, ఊళ్లలోకి బోరు లారీలు రావడం ఒకేసారి జరిగాయి. మాకు పని లేకుండా పోయింది. అప్పుడు అన్న, వాడి చిన్ననాటి జతగాడు నాగప్ప గడ్డపారలు భుజాన వేసుకుని కేరళ దారి పట్టారు.

అన్న వచ్చాడని తెలిస్తే సాయంత్రం మా ఇంటి ముందుకు జనం చేరేవాళ్లు. సినిమా ఎందుకు, సుంకన్న ఉండగా అనేవాళ్లు. అన్నకు వాళ్ల ఎగతాళి అర్థమయ్యేది కాదో, అర్థమైనా లెక్కపెట్టేవాడు కాదో నాకు తెలియదు.

"ఆడ పడవలే బస్సులు. కండక్టరు ఉంటాడు, టికెట్టు కొడతాడు. ఇస్కూలు పిల్లోళ్లు పడవల్లోనే పోతారు. సముద్రం కంటే పల్లంలో వరి పండిస్తారు తెలుసునా? గట్టుకు ఆ పక్క నీళ్లు పైన, ఈ పక్క మడి కింద."

"సముద్రం కింద మడా! మళ్లీ చెప్పు సుంకన్నా, మా ఎద్దులు కూడా వింటాయి," అని ఎవరో అనేవాళ్లు. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు.

"నవ్వండప్పా. ఇంకోటి ఇనండి. అన్ని నీళ్లుండి చల్లనీళ్లు తాగరు. జీలకర్ర వేసి కాంచి తాగుతారు."

ఆ మాటకు మా అమ్మకు ఒళ్లు మండేది. పొయ్యిలోకి కంప దొరక్క, కుండలోకి నీళ్లు దొరక్క ఛస్తుంటే తాగే నీళ్లు కాచుకునే దేశమా! "యాల్రా ఈ అబద్ధాలు," అని ఎగిరిపడేది. "అట్లాంటి దేశం నిజంగా ఉంటే దేవుడు మనల్ని తెచ్చి ఈడ ఎందుకు పడేసినాడు? మనమేం పాపం చేసినాం?"

దానికి అన్న, "నువ్వు ఒకసారి వచ్చి చూడుమా," అనేవాడు. తిమ్మక్క మాత్రం గడప దగ్గర కూర్చుని అన్నీ నమ్మేది. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "ఇంటికొక బావంటే బోరింగు కాడ కొట్లాటలు ఉండవు గదా అంజనమ్మా," అని అడిగింది. కోపం వచ్చి, "పోయి కాపురం పెట్టు," అన్నాను. పాపం, దానికీ నవ్వింది.

ఎనభై ఆరు జూన్ మొదట్లో, కేరళలో వానలు మొదలైనట్టు రేడియోలో చెప్పిన మర్నాడు, నాగప్ప ఒక్కడే వచ్చాడు. గడప దాటలేదు. అన్న గడ్డపార, బట్టల సంచి వాకిట్లో పెట్టి నేలమీద కూలబడ్డాడు. నేను అప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. బావులు తవ్వేవాడు గడ్డపారను ఇంకొకరి చేతికివ్వడు.

"సముద్రం పక్క ఊర్లో పని," అన్నాడు నాగప్ప తల ఎత్తకుండా. "అంతా ఇసక. ఇంటాయన రేపు సిమెంటు ఒరలు తెప్పిస్తా, దించుకుంటా తవ్వండి అన్నాడు. పన్నెండు అడుగుల బాయికి ఒరలెందుకప్పా అని మనోడు నవ్వి దిగినాడు. నీళ్లు పడినాయి. పడినాయి, పైకి రా అని అరిచినాం. వస్తాండా అన్నాడు. రాలేదు. మళ్లీ అరిచినాం. ఆడేం చేస్తాండాడో తెలీదు, వస్తాండా వస్తాండా అన్నాడు. పక్కంతా జారి మీద పడింది. తీసేసరికి... ఆడనే మట్టి చేసినాంమా. నన్ను చెప్పుతో కొట్టండి."

తిమ్మక్క నోరు తెరిచింది. ఏడుపు బయటికి రాకముందే అమ్మ గట్టిగా నవ్వింది.

"పన్నెండు అడుగులా? అరవై అడుగుల్లో మందు పేల్చి, బీడీ తాగుతా పైకొచ్చినోడు నా కొడుకు. పన్నెండు అడుగుల గుంతలో చస్తాడా? యాడన్నా నిలబడి చెయ్యి చాపితే గట్టు అందుతాది! ఏం నాగప్పా, ఇది కూడా కేరళ కతేనా? ఇద్దరూ కూర్చుని అల్లినారా? వాడు ఆడ ఎవతినన్నా కట్టుకున్యాడా, అది చెప్పు."

"అట్లయినా బాగుండు," అంది తిమ్మక్క.

మాలో చావు కబురు చెవిన పడగానే తలమీద నీళ్లు పోసుకోవాలి. ఆ నీళ్లు పోసుకున్నాకే ఏడుపు, మైల, దినాలు, ఏదైనా. అమ్మ నీళ్ల బిందెకు అడ్డంగా నిలబడింది. "ఎవురూ తలకు పోసుకోవద్దు. పోసుకున్నోళ్లే నా కొడుకును చంపినోళ్లు," అంది.

అంతే. ఇల్లు అక్కడే ఆగిపోయింది. చుట్టాలు వచ్చి వాకిట్లో నిలబడి, ఏడవాలో వద్దో తెలియక వెళ్లిపోయారు. తిమ్మక్క నుదుట బొట్టుతో, చేతుల నిండా గాజులతో విత్తనం శెనక్కాయలు వలుస్తూ కూర్చుంది. వాన పడితే విత్తాలి కదా అని అమ్మ పురమాయించిన పని. కాయ వలిచేది, గింజలు పొట్టులోకి, పొట్టు గింజల్లోకి వేసేది. కళ్లలో నీళ్లు తిరిగితే అమ్మ వైపు చూసి చెంగుతో అదిమేసేది. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి పక్కకు జరిగేవాళ్లు. మొగుడు ఉన్నట్టా, పోయినట్టా?

నాకు తిక్క రేగింది. "నీ పంతం కోసం ఆ పిల్లను చంపుతావా?" అని అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నాగప్ప మాట నమ్మవు. కేరళ మనిషి చెప్తే నమ్ముతావా?"

నేను గార్లదిన్నెలో బాల్వాడీ టీచరుని. పిల్లలకు సూదులు వేయడానికి అనంతపురం నుంచి బుధవారం బుధవారం ఏలియమ్మ అని ఒక నర్సమ్మ వచ్చేది. ఆమెది కేరళ. అమ్మ, "పోదాం పా. నేనే అడుగుతా. నువ్వు చచ్చిన మాటెత్తితే నా మీద ఒట్టు," అంది. ఆ మనిషి నవ్వి, అవన్నీ ఎవరు చెప్పారమ్మా, ఉత్త కోతలు అంటుందని అమ్మ ధీమా. నాకేమో నిజం తేలాలి. తేలాలనుకుంటూనే, దేవుడా ఆమె అబద్ధమనే అనాలి అని దారి పొడుగునా మొక్కుకున్నాను.

ఏలియమ్మ సూదులు వేయడం ముగించి చేతులు తుడుచుకుంటోంది. అమ్మ ఎదురుగా బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"నర్సమ్మా, మీ దేశంలో ఇంటికొక బావి ఉండాదంట. నిజమేనా?"

ఏలియమ్మ ముఖం వెలిగిపోయింది. పాపం, ఇన్నేళ్లలో ఇక్కడ ఎవరూ ఆమె ఊరి గురించి అడిగి ఉండరు. "నిజం అమ్మా! మా బావి వంటింటి పక్కనే ఉంది. మా అమ్మ వంటింట్లో నిలబడే తోడుతుంది, బయటికి రానే రాదు."

అమ్మ నవ్వు కాస్త తగ్గింది. "పడవలే బస్సులంట?"

"మాది అలెప్పీ పక్కన. నేను పడవలోనే బడికి వెళ్లాను. వానలో గొడుగు వేసుకుని, టికెట్టు తీసుకుని. పడవ తప్పిపోతే టీచరు కొట్టేది."

"సముద్రం కంటే పల్లంలో మడులు..."

"అవునవును! మీకు ఎవరు చెప్పారమ్మా ఇవన్నీ? గట్టు తెగితే పంటంతా పోతుంది. మా మామయ్యకు అక్కడే పొలం."

అమ్మ చేతులు చీర కొంగును మెలిపెట్టడం మొదలుపెట్టాయి. నేను ఏలియమ్మ వైపు చూసి, చాలు, ఇక చెప్పకు తల్లీ అని కళ్లతో బతిమాలాను. ఆమె చూడలేదు. ఊరి బెంగతో ఉన్న మనిషి, అడిగేవాళ్లు దొరికారు, ఎందుకు ఆగుతుంది?

"తాగే నీళ్లలో జీలకర్ర?" అని అడిగింది అమ్మ.

"వేసి కాచుతాం! ఇక్కడ చల్లనీళ్లు తాగి నాకు ఎప్పుడూ గొంతునొప్పే." ఏలియమ్మ గలగలా నవ్వింది. "ఇప్పుడు మా ఊళ్లో వానలు పట్టి ఉంటాయి."

ఇక అమ్మ పోదాం అంటుందేమో అనుకున్నాను. అనలేదు. వచ్చిన పని ఇంకా మిగిలే ఉంది.

"సముద్రం పక్కన పన్నెండు అడుగుల గుంతలో మనిషి చస్తాడా, నర్సమ్మా?"

"చనిపోతారమ్మా. అంతా ఇసుక కదా. అందుకే ఒరలు దించుకుంటూ తవ్వుతారు. ఒరలు లేకుండా దిగితే, నీళ్లు పడగానే పైకి వచ్చేయాలి. నీళ్లతో పాటు పక్కలు జారిపోతాయి. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా దిగితే..."

అక్కడ ఆగిపోయింది. నా ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది. "ఎందుకు అడుగుతున్నారమ్మా?"

"ఊరికేనే," అంది అమ్మ, నా భుజం పట్టుకుని లేస్తూ. "మా పిల్లోడు చెప్తాంటే నేను నమ్మలేదు. అందుకని."

తిరిగి వస్తున్నాం. ఎండ నెత్తిమీద మండుతోంది. మా చేను దగ్గరికి రాగానే అమ్మ దారి వదిలి బావి వైపు నడిచింది. దూకుతుందేమోనని వెంటపడి చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుని, గట్టున నిలబడి ఆ ఎండిన అరవై అడుగుల్లోకి చూసింది. పావురాలు లేచిపోయాయి.

"వాడు పైకెందుకు రాలేదో నాగప్పకు తెలీదు. నాకు తెలుసు మే," అంది. "నీళ్లు చూస్తా నిలబడినాడు. పుట్టినప్పటి నుంచి బావులు తవ్వినాడు, వాని కాళ్ల కింద నీళ్లు లేసింది ఈడ ఎప్పుడన్నా చూసినాడా? ఆడ అన్ని బావులు తవ్వినా వానికి తనివి తీరలేదు. ఎట్లా వస్తాడు పైకి? నేనైనా నిలబడతా."

నేను ఆ గట్టు మీదే కూలబడి నోట్లో కొంగు కుక్కుకున్నాను. అమ్మ నా కోసం ఆగలేదు. లేచి వెనకాల పరుగెత్తాను.

ఇంటికి వచ్చేసరికి తిమ్మక్క వాకిట్లో కాయలు వలుస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. అమ్మ లోపలికి పోయి బిందె ఎత్తుకొచ్చింది. మర్నాటి దాకా మా ముగ్గురికీ తాగే నీళ్లు అవే. వాకిలి నడుమ నిలబడి, కట్టుకున్న చీరతోనే, ఆ బిందెను నెత్తిమీద కుమ్మరించుకుంది. సగంలో ఆపింది. మిగిలిన సగంతో తిమ్మక్క దగ్గరికి వచ్చింది.

తిమ్మక్క రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దత్తా," అంది. "నువ్వే అన్న్యావు గదా. అబద్ధమని నువ్వే అన్న్యావు గదా!"

అమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని తలమీద నీళ్లు పోసింది.

"ఏడువు తల్లీ, ఇంక ఏడువు. నా కొడుకు ఒక్క అబద్ధం గూడా చెప్పలేదు."