రుచి చూసిన పూట

రెండో రోజు కూడా తిరిగొచ్చిన క్యారేజీ మూత తీయగానే కన్యకాపరమేశ్వరి ఉసూరుమంది. పప్పు పప్పుగానే ఉంది, అన్నం మీద గరిటె గుర్తు కూడా చెదరలేదు. జగ్గయ్యపేట, నందిగామ ఆడవాళ్ళు కొందరు కలిసి, పెద్ద జబ్బులతో ఉన్నవాళ్ళకు ఇంటికొక క్యారేజీ పంపుతున్నారు. పరమేశ్వరి వంతుకు ఆదెమ్మ వచ్చింది. కేన్సరు, పైగా ఒంటరి మనిషి.

"ఒంట్లో బలం లేకపోతే వచ్చే వారం మందు ఎక్కించం అన్నారంట డాక్టర్లు పిన్నిగారూ," అంది క్యారేజీలు తిప్పే లహరి. "నోరంతా పూసిందిగా, మండుతుందేమో. మీరు రుచి చూశారా?"

రుచి చూడటమా! పరమేశ్వరికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆ నవ్వు ఎటో పోయింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చెప్పిన మొదటి మాట, "దేవుడికి పెట్టకముందు నాలిక మీద వేసుకోకు." దేవుడి తర్వాత మామగారు, ఆయన తర్వాత భర్త, ఆపైన పిల్లలు. తన దాకా వచ్చేసరికి గిన్నెల్లో అడుగంటిన పప్పూ, చల్లారిన చారు తేటా మిగిలేవి. ఇన్నేళ్ళూ వాసన చూసి వండింది. తన చేతి చారు వేడివేడిగా ఎలా ఉంటుందో తనకే తెలియదు! ఆ సంగతి ఇన్నాళ్ళూ తట్టనైనా తట్టలేదే అని ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఇంటికీ ఆదెమ్మకూ కలిపి పెట్టిన చారు పొంగగానే, అరచేతిలో కాస్త వేసుకుని, ఊదుకుని చప్పరించింది. అమ్మో, ఎంత బాగుంది! అంతలోనే గొంతు సుర్రుమంది. మిరియాలు. పుండు పడ్డ నోటికి ఇది నిప్పే. గబగబా పెసరపప్పు మెత్తగా ఉడికించి, కారం లేకుండా, నెయ్యేసి అన్నంతో మెదిపింది. కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చప్పరించింది. చిన్నపిల్లలా సరదాగా ఉంది ఆమెకు.

గుమ్మంలో అత్తగారు. "ఎంగిలి! అంతా పారబోసి, తలస్నానం చేసి మళ్ళీ వండు."

భర్త శ్రీమన్నారాయణ పేపర్లోంచి తలెత్తకుండానే, "అమ్మ చెప్పినట్టు చెయ్యి. నేను కొట్టుకెళ్ళాలి," అన్నాడు.

"వచ్చాక చేస్తానండి."

ఆ మాట అన్నది తనేనా! పరమేశ్వరి క్యారేజీ పట్టుకుని, దాని కోసం వచ్చిన లహరి స్కూటీ వెనక ఎక్కేసింది. హైవే గాలికి కొంగు ఎగురుతుంటే గట్టిగా నవ్వాలనిపించింది. నవ్వింది.

ఆదెమ్మ మొదటి ముద్ద భయంభయంగా మింగింది. మండలేదు. రెండోది తనే అడిగి పెట్టించుకుంది. చూస్తుండగానే గిన్నె సగమైంది. పరమేశ్వరికి లేచి గంతులేయాలన్నంత ఆనందం.

"కమ్మగుందమ్మా. నువ్వు తిన్నావా?" అంది ఆదెమ్మ.

"మా ఇంట్లో నాది ఆఖరు పంక్తండి."

"ఇది నా ఇల్లు కదా," అంటూ ఆదెమ్మ ఇంకో పళ్ళెం జరిపింది.

అన్నం ఇంకా వేడిగానే ఉంది. పరమేశ్వరి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో ఫోను మోగింది. శ్రీమన్నారాయణ.

"ఎక్కడున్నావ్? ఇక్కడ ఎవరమూ ఇంకా అన్నం తినలా!"

ఆమె ముద్ద తాపీగా నమిలి మింగింది.

"నేను తింటున్నానండి."