నఫీసా గోడ మీద ఓడ

పెళ్లాన్నీ పసిబిడ్డనీ వదిలి బొమ్మలు గీసుకుంటూ పోయినవాడి చేతిలో ఆ విద్య పెట్టింది దేవుడేనా? ఏళ్ల తరబడి నఫీసాను ఈ సందేహం వదల్లేదు. పెట్టింది ఆయనే అయితే తన కోపం ఎవరి మీద? ప్రతి నమాజులోనూ అడిగింది. జవాబు రాలేదు.

ఇప్పుడు హజ్‌కి బయలుదేరుతోంది. వెళ్లేవాళ్లు అందరినీ క్షమించాలి, అందరి దగ్గరా క్షమాపణ అడగాలి. మనసులో ముల్లు పెట్టుకుని మక్కాలోని కాబా ముందు నిలబడితే ఆ యాత్ర దేవుడికి చేరుతుందా అని ఆమె భయం. ఇల్లిల్లూ తిరిగింది. ఒకప్పుడు కోడిని దొంగిలించావని తనను తిట్టిన పక్కింటి గల్లాబ్ వాళ్లమ్మనూ కౌగిలించుకుంది. ఇక మిగిలింది కైరోలో ఉన్న మొగుడు హమ్‌దాన్.

ప్రయాణం రేపనగా పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో నిచ్చెన. దాని మీద నెరిసిన తలతో హమ్‌దాన్. కూతురు సబాహ్ కబురు చేసిందట. హాజీల ఇంటి గోడ మీద వాళ్ల ప్రయాణమంతా గీయడం ఆ ఊరి ఆచారం. ఒకప్పుడు అక్కడి గోడలన్నీ అతనివే.

"ఈ గోడ గీయమని బక్రీకి మాటిచ్చాను," అంది నఫీసా.

"వాడికా? వాడు గీసిన ఒంటెను చూసి పిల్లలు కుక్కనుకుని రాళ్లేస్తారు."

నఫీసా నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

మధ్యాహ్నానికల్లా గోడ మీద కాబా, ఖర్జూరపు చెట్లు, నీలాకాశంలో విమానం, దాని కిటికీలో నఫీసా వెలిశాయి. గల్లాబ్ వాళ్లమ్మ వచ్చి చూసింది.

"ఏమయ్యోయ్, విమానం ఎవరికి? నీ పెళ్లాం ఎక్కేది ఓడ!"

"ఓడా?" కుంచె ఆగింది. "దీనికి నీళ్లంటే భయం కదా! నైలు దాటాలన్నా నా చెయ్యి వదిలేది కాదు."

"పట్టుకునే చెయ్యి లేకపోయాక భయం కూడా పోయింది," అంది నఫీసా.

గల్లాబ్ వాళ్లమ్మ తన ఇంటికి వెళ్లిపోయింది. హమ్‌దాన్ నిచ్చెన దిగాడు.

"తప్పే నఫీసా. కానీ నీకు అబద్ధం చెప్పను, మళ్లీ పోతాను. గీయకుండా ఉండలేను."

నఫీసా గోడ మీది విమానం కిటికీలోని తన ముఖం కేసి చూసింది. కనుబొమ్మ పక్కన చిన్న మచ్చ కూడా మరిచిపోలేదు. ఈ చేతి వెనక దేవుడు లేడనడానికి ఆమెకు నోరు రాలేదు. పోయిన ఏళ్ల వెనక కూడా ఆయనే ఉన్నాడా అన్నది మాత్రం తేలలేదు. మక్కాలో అడుగుదామనుకుంది.

"ముందు నన్ను నువ్వు క్షమించు," అంది. "నీకు చాలా శాపాలు పెట్టాను."

"కొన్ని తగిలాయి. నిచ్చెన మీంచి రెండుసార్లు పడ్డాను."

ఈసారి నవ్వు ఆగలేదు. "నేనూ క్షమించాను పో. ఆ రెక్కలు చెరిపి ఓడ చెయ్యి. కిటికీ ఉంచు."

సాయంత్రానికి విమానం ఓడైంది. అతను కుంచెలు సర్దుకుంటుంటే ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఊరు దాటేవాడికి ఇల్లాలు రొట్టె కట్టివ్వాలి. అతను ఇల్లు వదిలిన రోజున ఆమె పొయ్యి వెలిగించనే లేదు.

వేడి రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఇది ఆ రోజుది," అంది.

హమ్‌దాన్ రెండు చేతులతో అందుకున్నాడు.