ఇందుజ కాలి ఊపు

ఈ రోజు పొద్దున్న టిఫిన్ దగ్గర మా అమ్మాయి ఇందుజ కాలు ఊపడం మానేస్తుంది. ఆ ఊపు కుర్చీ కోడు మీదుగా నేల మీదికి దిగి, టైల్స్ వెంట పాకి, ఫ్రిజ్‌లోకి ఎక్కుతుంది. లోపల గుడ్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. పెరుగు గిన్నె మూత జారి పడుతుంది.

"అమ్మయ్య, మానింది," అంటుంది మా అత్తయ్య. "కూకుని కాళ్ళూపితే ఇంటికి అరిష్టమని ఎన్నాళ్ళబట్టి చెప్తన్నాను, ఎవరైనా విన్నారేటి?"

తలుపు తెరుచుకోకుండా నేను ఫ్రిజ్‌కు వీపు ఆనించి నిలబడతాను. ఇలాంటి పనులన్నీ ఈ ఇంట్లో నావే.

ఇందుజకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. తనకు ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరుగారు చెప్పి ఏడాదవుతోంది. ఇది పొగరూ కాదు, గారాబమూ కాదు, కదిలితేనే ఈ పిల్లకు చదువు బుర్రకెక్కుతుంది, ముందు వరసలో కూర్చోబెట్టండి, పని చిన్న చిన్న ముక్కలు చేసి ఇవ్వండి, మధ్యమధ్య లేవనివ్వండి అని స్కూలుకు ఒక కాగితం కూడా రాసిచ్చారు. ఆ కాగితంలో ఉన్నది తప్ప అందరి దగ్గరా ఇంకేదో మందుంది. పక్కింటావిడ నానబెట్టిన బాదం పప్పు పెట్టమంటుంది. ఓడ మీద పనిచేసే మా ఆయన ఏ సముద్రంలో ఉన్నాడో గానీ, సిగ్నల్ దొరికినప్పుడల్లా ఫోన్ చేసి కాస్త గట్టిగా ఉండమంటాడు. ఎవరితో గట్టిగా ఉండాలో చెప్పడు.

ఇవాళ స్కూల్లో ఇందుజకు ఆఖరి అవకాశం. సాయంత్రం బెల్లు కొట్టేదాకా కదలకుండా కూర్చుంటే తొమ్మిదిలోకి పంపిస్తారు. కదిలితే టీసీ చేతిలో పెడతారు. ఇప్పటికే రెండు స్కూళ్ళు మమ్మల్ని వదిలించుకున్నాయి, ఈ దగ్గరలో ఇంకో స్కూలు లేదు. అందుకే నిన్న నేనే గడ్డం పట్టుకుని బతిమాలాను, ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఊపకుండా ఉండమ్మా అని. "సరే," అంది.

సరే అన్నట్టే ఉంది. ఇడ్లీ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. మామూలుగా అయితే రెండో ఇడ్లీకల్లా నా ప్రాణం తోడేస్తుంది. ఇడ్లీకి చిల్లులెవరు పెడతారు, అందులో గాలి ముందే ఉంటుందా తర్వాత వస్తుందా, చిల్లులన్నీ తీసేస్తే ఇడ్లీ ఎంత మిగులుతుంది అని నిన్న అడిగింది. తిండి ముందు ఆ ప్రశ్నలేటని వాళ్ళ నాన్నమ్మ కసిరింది. ఇవాళ ఏమీ అడగదు. ఊరికే ఇడ్లీ వైపు చూస్తుంది.

"సాంబారు పొయ్యనా?" అంటాను.

"నీ ఇష్టం."

తన నోట ఆ మాట వినడం నాకు ఇదే మొదలు. హాయిగా ఉండాలి. ఉండదు.

హాల్లో అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత గోడ గడియారం టిక్కుటిక్కుమంటూ లోలకం ఊపుతూనే ఉంటుంది. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ దానికి ఎవరూ కీ ఇవ్వడం చూడలేదు. అడిగితే, "దానికక్కర్లేదు," అంటుంది అత్తయ్య.

ఇందుజ ఆటో ఎక్కి వెళ్ళగానే ఊపు ఫ్రిజ్‌లోంచి దిగి నా కుట్టు మిషన్‌లోకి మారుతుంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. పెడల్ దానంతట అదే ఆడుతుంది. నేను వెళ్ళి పట్టుకునేలోగా ఓ పెళ్ళికూతురి బ్లౌజుకు మెడా చేతులూ మూసి, నాలుగు వైపులా కుట్టేస్తుంది. ఆ కుట్టు నా కుట్టుకన్నా సాఫీగా ఉంది. అందుకు నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

కాలింగ్ బెల్ మోగుతుంది. వాచ్‌మన్ పైడిరాజు.

"అమ్మగారూ, కింద స్తంభాలు ఒణుకుతన్నాయండి. కార్లోళ్ళు నన్ను తిడతన్నారు."

మాది విశాఖపట్నంలో సముద్రానికెదురుగా మెరక మీద కట్టిన అపార్ట్‌మెంట్. కింద కార్లు పెట్టుకోవడానికి దాన్ని స్తంభాల మీద నిలబెట్టారు.

"ఎందుకు వణుకుతున్నాయి?"

"కట్టినకాడినుంచి నిలబడే ఉన్నాయి కదండి," అంటాడు.

అది నిజమే. కార్లు అవతల పెట్టించమని చెప్పి తలుపేస్తాను. ఈలోగా ఫోన్ మోగుతుంది.

"ఇందుజ వాళ్ళమ్మగారాండీ? మీ అమ్మాయి చాలా బుద్ధిగా కూర్చుందండీ. ఒకసారి రండి."

కూర్చోకపోతే రమ్మంటారు, కూర్చున్నా రమ్మంటారు. చెప్పులేసుకుంటాను.

స్కూలు మా ఎదురుగా ఉన్న కొండ మీద ఉంది. మా బాల్కనీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. వాకిలికి సరిగ్గా మధ్యలో జెండా కర్ర పాతారు. దూరం నుంచి చూస్తే స్కూలు నోటి మీద వేలేసుకుని నిలబడ్డట్టు ఉంటుంది. లోపల తరగతుల్లో పిల్లలూ అలాగే, నోటి మీద వేళ్ళేసుకుని కూర్చున్నారు.

ఇందుజ చివరి బెంచీలో గోడ పక్కన ఉంది. సుద్దపొడి తన జుట్టు మీద, కనురెప్పల మీద పేరుకుంది. కట్టుకున్న చేతికి ఎవరో నీళ్ళ సీసా తగిలించారు. భుజానికి ఇంకెవరో బ్యాగు తగిలించారు. నేను చూస్తుండగానే క్లాస్ టీచరు హైమవతి మేడమ్ వచ్చి తన గొడుగు కూడా ఆ చేతికే తగిలిస్తుంది.

"చూశారా, ఎంత మార్పో!" అంటుంది. "ఇదివరకు మంచినీళ్ళకు వెళ్తానని గంటకోసారి లేచేది, నేను కూర్చోబెట్టేదాన్ని. ఇవాళ ఒక్కసారి అడిగితే ఒట్టు."

"పాఠం వింటోందా?"

"అది వేరే సంగతండీ. కూర్చుంది కదా."

నేను పిల్ల దగ్గరికి వెళ్ళి వంగుతాను. "ఇందూ, ఏం పాఠం చెప్పారే?"

పెదవులు కదలడానికి చాలాసేపు పడుతుంది. "తెలీదమ్మా. నా దాకా రాలేదు."

"ఆకలేస్తోందా?"

"అది కూడా రాలేదు."

పిల్ల నా కళ్ళ ముందే కొక్కెం అయిపోతోంది. నీళ్ళ సీసా, బ్యాగు, గొడుగు తీసి హైమవతి మేడమ్ చేతిలో పెట్టి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్తాను.

ఊపు నాకన్నా ముందే అక్కడికి చేరింది. ప్రిన్సిపాల్‌గారి బల్ల గడగడా ఊగుతోంది. ఆయన టీ గ్లాసు చేత్తో పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు.

"చూడండమ్మా, ఇంటి వస్తువులు స్కూలుకు తేకూడదని మేం మొదటిరోజే చెప్పాం. ఈ ఊపు మీ ఇంటిది. తీసుకెళ్ళండి."

ఊగే బల్ల కోడు కింద ఒక కాగితం మడిచి పెట్టి ఉంది. ఆ మడతలో డాక్టరుగారి సంతకం కనిపిస్తుంది.

"అది పిల్ల కోసం రాసిచ్చిన కాగితమండీ," అంటాను.

"అవును. చాలా ఉపయోగపడుతోంది."

"నేను పిల్లను తీసుకెళ్తాను."

"బెల్లు కాకముందే తీసుకెళ్తే కదిలిన కిందే లెక్క. కాసేపు ఓపిక పట్టండి, మీ అమ్మాయి తొమ్మిదిలోకి వెళ్ళిపోతుంది."

"ఎవరండీ వెళ్ళేది? మీ మేడమ్ గొడుగు తగిలించుకున్న ఆ కొక్కెమా?"

"హాజరు పడుతుంది కదమ్మా," అంటారాయన ఓర్పుగా.

నాకు కోపమూ ఏడుపూ కలిసి వస్తాయి. ఆఖరి అవకాశం ఇదేనని నాకు తెలుసు, ఇంకో స్కూలు లేదనీ తెలుసు. వంగి, బల్ల కోడు కింద నుంచి కాగితం లాగేస్తాను. బల్ల ఎగిరి దూకుతుంది, ఆయన చేతికి తగిలి టీ ఒలికిపోతుంది, ఊపు నా కుడి మోకాట్లోకి వచ్చి పడుతుంది. ఆయన టీసీ మీద సంతకం చేసి ఇస్తారు. టీతో తడిసిన టీసీ పట్టుకుని, ఊగే కాలితో, పిల్ల కోసం వెళ్తాను.

బెంచీలోంచి లేపి నిలబెట్టాక ఇందుజ మళ్ళీ వంగదు కాబట్టి ఆటోలో పట్టదు. తనను చాప చుట్టలా భుజాన వేసుకుని కొండ దిగుతాను. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఆగి, కాలు అలా ఆడించకూడదమ్మా అని నాకు చెబుతారు. ఒక్కరైనా పిల్లను పట్టుకోరు.

ఇంటికొచ్చి తనను కుర్చీకి ఆనించి నిలబెట్టి, నా మోకాలు తన మోకాలికి ఆనిస్తాను. "తీసుకోవే తల్లీ, నీదే ఇది."

ఊపు నా మోకాట్లోనే గింజుకుంటుంది.

"అది రానంటోందమ్మా," అంటుంది ఇందుజ, పెదవులు కదిలీ కదలకుండా. "ఈ ఇంట్లో దాన్ని పొమ్మన్నారే గానీ ఎవరూ రమ్మనలేదంట."

"నేను రమ్మంటున్నాను కదా!" అని అరుస్తాను.

"నువ్వంటున్నావు. నాన్నమ్మ అనలేదు."

ఇద్దరం అత్తయ్య వైపు చూస్తాం. ఆవిడ మంచం మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటోంది.

"నేనేటి అనాలి?" అంటుంది. "నన్నెవరైనా అన్నారేటి? ఈ పిల్లంత ఉన్నప్పుడు నాకూ ఉండేది. అరుగు మీద కూకుంటే కాలు ఆగేది కాదు. మా నాయన కాళ్ళు రెండూ తువ్వాలుతో కట్టీసి కూకోబెట్టాడు. అప్పుడెల్లిపోయింది."

"ఎక్కడికి?"

గోడ గడియారం వైపు గడ్డంతో చూపిస్తుంది. లోలకం అటూ ఇటూ ఊగుతోంది.

"ఇన్నేళ్ళూ చెప్పరేం అత్తయ్యా?"

"టైము బాగానే చూపిస్తంది కదా, ఊరుకున్నాను."

ఈ ఇంట్లో వాళ్ళతో వేగలేక నేను ఏదో ఒక రోజు కుట్టు మిషన్ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతాను. ఇవాళ మాత్రం వెళ్ళలేను. ఒక కాలు నా మాట వినడం లేదు.

అత్తయ్య ఇందుజను చూస్తుంది. తర్వాత స్టూలు జరుపుకుని, ఎక్కి, గడియారం అద్దం తలుపు తెరిచి, లోలకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంటుంది. టిక్కుటిక్కు ఆగిపోతుంది.

"రా, ఏం భయం లేదు," అంటుంది దానితో. "మా నాయన లేడులే."

దిగివచ్చి మంచం మీద కూర్చుంటుంది. చీర కుచ్చెళ్ళ కింద ముందు బొటనవేలు కదులుతుంది. తర్వాత పాదం. తర్వాత కాలంతా. మడమ మంచం కోడుకు తగులుతూ ఉంటుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

"ఓలమ్మ, ఎంత సుకంగా ఉందే!" అంటుంది. వెంటనే, "అవునుగానీ, ఇడ్లీకి చిల్లులెవరెడతారే?"

ఇందుజ కనురెప్పల మీంచి సుద్దపొడి రాలుతుంది. "నేనడిగితే కసిరావు కదా నాన్నమ్మా!"

"తెలీక కసిరాను. నువ్వూ రావే," అంటుంది అత్తయ్య నా మోకాలిని ఉద్దేశించి. "రా, కూకో. ఎవులూ ఏటీ అనరు."

నా మోకాలు తేలికపడుతుంది. ఇందుజ నడుము వంగుతుంది, కుర్చీలో కూలబడుతుంది, కాలు ఊపుతుంది. వెంటనే ఆకలంటుంది, దాహమంటుంది, గడియారం ఆగిపోతే టైము ఎక్కడ ఉంటుందంటుంది. అత్తయ్య ఆ జవాబు కోసం ఆగకుండా, సాంబారు కమ్మగా ఉండాలంటే ముందు ఏది వెయ్యాలని అడుగుతుంది. ఒకరితోనే చస్తున్నాననుకుంటే ఇద్దరయ్యారు. టీసీ బల్ల మీద ఆరుతోంది. రేపు పొద్దున్న పిల్లను ఎక్కడికి పంపాలో నాకు తెలీదు. కానీ పిల్ల ఉంది. డాక్టరుగారి కాగితం మడతలు విప్పి ఫ్రిజ్ మీద అంటిస్తాను. ఫ్రిజ్ ఇప్పుడు కదలడం లేదు.

"అమ్మగారూ!" కింద నుంచి పైడిరాజు అరుస్తాడు. "కూకుంటందండి!"

అపార్ట్‌మెంట్ కూర్చుంటుంది. స్తంభాలు మధ్యలో మడతపడతాయి, నేల నెమ్మదిగా కిందికి దిగుతుంది, మా గిన్నెలు ఒకసారి గలగలమని సర్దుకుంటాయి. మెరక అంచున బాగా కుదురుకున్నాక అది స్తంభాలను సముద్రంలోకి వేలాడేసి ఊపుకుంటుంది. ఆరేసిన బట్టలన్నీ ముందుకీ వెనక్కీ వెళ్ళొస్తుంటాయి. బాల్కనీల్లోకి వచ్చిన వాళ్ళెవరూ దాన్ని ఆగమనరు. పక్కింటావిడ కూడా బాదం పప్పు మాట ఎత్తదు.

ఎదుటి కొండ మీద స్కూలు ఇటే చూస్తోంది. సాయంత్రం బెల్లు అయిపోయింది, పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. అయినా అది నోటి మీద వేలు తియ్యకుండా నిలబడే ఉంది. కాసేపటికి దాని మూల స్తంభం ఒకటి నేలను తట్టడం మొదలుపెడుతుంది. జెండా కర్ర నెమ్మదిగా పక్కకు దిగుతుంది.

"మంచినీళ్ళకు వెళ్ళొచ్చా?" అంటుంది స్కూలు. ఎన్నడూ వాడని గొంతు, బొంగురుగా ఉంది.

ఇందుజ బాల్కనీ కమ్మీ మీంచి వంగి, రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టుకుని అరుస్తుంది. "వెళ్ళు! అడగక్కర్లేదు, వెళ్ళు!"

స్కూలు తన మెట్లు చేత పట్టుకుని కొండ దిగుతుంది. రోడ్డు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి దాటుతుంది. మా బాల్కనీ ముందు వంగి వాకిలి తెరుస్తుంది. నేను విసుక్కుంటూ వంటింట్లోంచి బిందె తెచ్చి పోస్తాను. ఇలాంటి పనులన్నీ ఎలాగూ నావే. అది గుటకలు వేస్తుంటే ఒక్కో తరగతి గదిలో లైటు వెలుగుతుంది. చివరి బెంచీ పక్కన గోడకు నీళ్ళ సీసా, గొడుగు ఊరికే వేలాడుతూ కనిపిస్తాయి.

బిందె ఖాళీ అయ్యాక అది మా పక్కన ఖాళీగా ఉన్న మెరక వైపు చూసి, గొంతు తగ్గించి అడుగుతుంది. "ఇక్కడ కూర్చుంటే కాళ్ళూపుకోవచ్చా?"

"కూకో నాయనా, ఊపుకో," అంటుంది అత్తయ్య, తన కాలు ఆపకుండానే. "ఇంటికి మంచిది."

స్కూలు కూర్చుంటుంది. అది కాలు ఊపిన మొదటి ఊపుకే కిటికీలన్నిటి నుంచీ సుద్దపొడి లేచి సముద్రం మీద పడుతుంది, నీళ్ళు కనిపించినంత మేర తెల్లబడతాయి. దానికింకా దాహం తీరలేదట. నేను రెండో బిందె నింపడానికి లోపలికి వెళ్తాను.