విలుకత్తె ఎడమ మోకాలు

బొమ్మ చేతికి రాగానే నేను మొహం చూడను. మొహం అందరూ చూస్తారు. నేను బొటనవేలి గోరును పక్కల వెంట లాగుతాను. అచ్చు రెండు పలకలు కలిసిన చోట గీత మిగిలితే గోరు ఆగుతుంది. తర్వాత కంటి రంగు రెప్ప దాటిందా, చంకలో రంగు అందిందా అని చూస్తాను. ఆఖరున కీళ్లు. ఒక్కో కీలును చెవి దగ్గర పెట్టుకుని పదిసార్లు వంచుతాను. మంచి కీలు నోరెత్తదు. ఇరవై ఆరేళ్లుగా ఈ ఫ్యాక్టరీలో చెకింగ్ బల్ల నాది. అందరూ నన్ను గోరుతాత అంటారు.

ఆ వారం బల్ల మీదికి విలుకత్తె వచ్చింది, నాలుగు వేల బొమ్మల సరుకు. ఏదో వీడియో గేములో మనిషి. జానెడు ఎత్తు, భుజాన అమ్ములపొది, నుదుటి మీద గాటు. ఇవి పిల్లలకు కాదట. పెద్దవాళ్లే ఏడాది ముందు పేరు రాయించుకుని, వచ్చాక అద్దాల బీరువాలో పెట్టుకుంటారట. ఇదంతా మా కోడలు చెప్పింది. నా బల్ల వెనక వరసలో కూర్చుని బొమ్మలకు కళ్లు వేసేది తనే.

మొదటి బొమ్మ ఎడమ మోకాలు నాలుగో వంపుకి చిటుక్కుమంది. రెండోది ఆరో వంపుకి. పది పెట్టెలు విప్పితే ఏడింటి మోకాళ్లు పోయాయి. లోపల పిన్ను బిగుసుకుపోయి, తిరగకుండా మెలిపడుతోంది. పగులు వెంట్రుకంత. చూస్తే కనబడదు.

సరుకు పాసైందని కొట్టే సీలును బల్ల మీంచి తీసి జేబులో వేసుకున్నాను. నేను అలా చేస్తే సరుకు ఆగినట్టు. నోటితో చెప్పక్కర్లేదు.

మేనేజరు వచ్చాడు. “ఏంటి తాతా, జేబు బరువెక్కిందంట?”

మోకాలు చూపించాను.

“ఇంతేనా? బీరువాలో నిలబడే బొమ్మకి మోకాలెందుకు? అయినా కెమెరా మిషను పాస్ చేసేసిందిగా.”

“కెమెరాకి చెవుల్లేవు.”

వెనక రంగులు వేసే ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

“నిలబడే ఉంటుందని ఎవరన్నారు సార్?” అంది కోడలు తల ఎత్తకుండా. “గేములో ఈవిడ మోకాలి మీద కూర్చోకుండా బాణమే వెయ్యదు. పెట్టె విప్పగానే ఎవరైనా ముందు కూర్చోబెట్టే చూస్తారు.”

“నిన్నెవరైనా అడిగారా తల్లీ? మామా కోడళ్లు కలిసి నా కొంప ముంచేట్టున్నారు.”

మేనేజరు విసురుగా వెళ్లి గోడ బీరువాలోంచి నమూనా తెచ్చాడు. మా దగ్గర పద్ధతి ఒకటుంది. ప్రతి బొమ్మకీ ముందు ఒక నమూనా తయారవుతుంది. అది నాకు నచ్చితే అరికాలి మీద నీలిరంగు సీలు వేసి, పుస్తకంలో నా పేరు రాస్తాను. తర్వాత వచ్చే సరుకు ఆ నమూనాతో సరిపోవాలి. సరిపోయిందని నేను సీలు వెయ్యకపోయినా మేనేజరు సంతకం పెట్టొచ్చు. కానీ అరికాలి మీద సీలు లేని నమూనాను చూపించి ఎవరూ ఒక్క పెట్టెను కూడా గేటు దాటించలేరు.

ఆయన నమూనా మోకాలిని నా చెవి దగ్గరే పదిసార్లు వంచాడు. చప్పుడు లేదు.

“విన్నావా? నువ్వు పాస్ చేసిందే. అదే అచ్చు, అదే పిన్ను. మరి తేడా ఎక్కడుంది? నీ చెవిలో!”

బొమ్మను అందుకున్నాను. మోకాలు వెన్నలా తిరిగింది. ఒక్క క్షణం నా చెవి మీద నాకే అనుమానం వచ్చింది. గోరుతో మోకాలి చిప్ప మీద రుద్దాను. గోరు జారింది. రంగు పలచబడి నిగనిగలాడుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. నమూనా ఎప్పుడూ ముందు నా బల్లకి రావాలి. ఈసారి ముందు మీటింగుకి వెళ్లింది. వారం రోజులు మాట్లాడుకుంటూ ఎవరి చేతికి అందితే వాళ్లు దాన్ని కూర్చోబెట్టారు, లేపారు. పదింటిలో మూడు నిలిచాయి కదా, ఇదీ అలాగే నిలిచింది. నా దగ్గరికి వచ్చేసరికి పిన్ను అరిగి వదులైంది. వరస తప్పిందని నాకు తెలుసు. ఎందుకు తప్పిందని అడగలేదు. మాట్లాడటం బద్ధకం నాకు. సీలు వేసేశాను.

“తప్పు నాదే,” అన్నాను.

“అమ్మయ్య! ఇప్పటికైనా ఒప్పుకున్నావు. ఇక సీలు కొట్టు.”

“అరిగిన మోకాలికి సీలు వేశాను. అదీ తప్పు.”

మేనేజరు నవ్వాడు. “వేసింది వేసినట్టే తాతా. నువ్వు కొట్టకపోతే నేను సంతకం పెడతా. నువ్వు ఇంట్లో కూర్చుని మనవరాలికి గోరుముద్దలు తినిపించుకో.”

“ఒకసారి చేసిన తప్పు నాలుగు వేలసార్లు చెయ్యను.”

“కోడలి ఉద్యోగం సంగతి కూడా చూసుకుని మాట్లాడు.”

వెనక్కి చూశాను. కోడలు బ్రష్షు గుడ్డకు తుడుచుకుంటోంది.

“నేను వేసిన కళ్లల్లో తప్పుంటే నన్ను తీసెయ్యమనండి మామయ్యా,” అంది. “మోకాలి సంగతి మీరు చూడండి.”

మేనేజరు జేబులోంచి పెన్ను తీశాడు. నేను అతుకులు గీకే బ్లేడు తీశాను. నమూనాను బోర్లా పట్టుకుని అరికాలు గీకాను. నీలిరంగు పొడి బల్ల మీద రాలింది.

“ఏయ్! ఏం చేస్తున్నావ్?”

“నేను వేసింది నేనే తీస్తున్నా.”

రంగుల వరసలో బ్రష్షులన్నీ ఆగిపోయాయి. ఆయన మొహం జేగురించింది. “సీలు ఇటిచ్చి ఇంటికి పో!”

ఇచ్చాను. పుస్తకం కూడా తెరిచి ముందుకి తోశాను. “అరికాలి మీద మీరే కొట్టండి. ఇక్కడ మీ పేరు రాయండి. పెన్ను చేతిలోనే ఉందిగా.”

ఆయన సీలు చూశాడు, అరికాలు చూశాడు. పుస్తకంలో ఖాళీ గడి చూశాడు. కొట్టలేదు.

పొమ్మన్నాడు కదా, పోవచ్చు. కానీ నా పని ఇంకా కాలేదు. కుర్చీ లాక్కుని పదకొండో పెట్టె విప్పాను. ఈసారి విలుకత్తెను నా చెవి దగ్గర పెట్టుకోలేదు. ఆయన చెవి దగ్గర పెట్టాను.

ఒకటి. రెండు.

మూడో వంపుకే చిటుక్కుమంది.